తొమ్మిదో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్

ఏడింటికల్లా వస్తానన్నాడు ఎడిక్సన్. గోడ గడియారంలో ఏడూ పది. పది నిమిషాలకేముంది, ఇరవయ్యేళ్ల కుర్రాడికి తల దువ్వుకోవడానికే పది నిమిషాలు పడుతుంది, అని నాకు నేనే చెప్పుకుంటూ వాకిట్లో కుర్చీ వీధి వైపు తిప్పుకుని కూర్చున్నాను. లోపల మా ఆవిడ నీసియా మేక మాంసం గిన్నె మీద మూత తీసి మళ్లీ పెట్టింది. ఆ మూత చప్పుడుకే వీధి చివరికి చూశాను. సాయంత్రం నుంచీ ఇంతే, ఏ చప్పుడైనా అటే చూస్తున్నాను. మిల్లు కూత వేసినా, పక్కింటి కుక్క మొరిగినా, దూరాన ఎవడో బండి గేరు మార్చినా. ఎడిక్సన్ మోటారు సైకిలు చప్పుడు నాకు బాగా తెలుసు. సైలెన్సరు పగిలిపోయి, దగ్గు పట్టిన గాడిదలా అరుస్తుంది, నాలుగు వీధుల అవతల ఉండగానే వినపడుతుంది. ఇంకా వినపడలేదు. చెరకు తోటలు తగలబెట్టిన మసి గాల్లో తేలుతూ వచ్చి నా మోకాళ్ల మీద వాలుతోంది. దులిపితే నల్లటి చార అవుతుంది. దులపడం మానేశాను.

"వస్తాడులేవయ్యా," అంది నీసియా లోపలి నుంచి. "ఓడిపోయినవాళ్లకి మాత్రం ఆకలెయ్యదా ఏంటి?"

ఓడిపోయాం. మూడుకి రెండు. పొరుగు మిల్లు బేస్‌బాల్ జట్టు చేతిలో, మా సొంత మైదానంలో, జిల్లా ఫైనల్లో, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇంకొక్కడు అవుటైతే చాలు అన్న చోట. అప్పటికి రెండుకి ఒకటితో మేమే ముందున్నాం. వాళ్ల మనుషులు రెండో బేసు దగ్గర ఒకడు, మూడో బేసు దగ్గర ఒకడు. మా పిచ్చరు సాందీనో తన మామూలు కిందికి దిగే బంతి విసిరాడు, వాళ్లవాడు దాన్ని నేలకేసి కొట్టాడు, అది దొర్లుకుంటూ సూటిగా షార్ట్‌స్టాప్ దగ్గరికి పోయింది. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య ఆ నాలుగు బారల ఎర్రమట్టి. లోకంలో కుడిచేతి వాటం వాళ్లు ఎక్కువ, అందుకని కొట్టిన బంతుల్లో ఎక్కువ భాగం అటే పరుగెడతాయి, నీళ్లు పల్లానికి పోయినట్టు. ఎడిక్సన్ వంగాడు, పట్టాడు, లేచాడు. విసిరాడు. బంతి మొదటి బేసు దగ్గర చెయ్యి చాచి నిలబడ్డవాడి తల మీదుగా, వాడు ఎగిరినా అందనంత ఎత్తున పోయి వెనక సిమెంటు గోడకి తగిలింది. ఠంగున. ఆ చప్పుడు తర్వాత మైదానంలో ఒక్క క్షణం ఏమీ వినపడలేదు, పిల్లల ఏడుపు కూడా. ఆ ఒక్క క్షణంలో ఇద్దరు పరుగెత్తుకొచ్చేశారు. ఆ తర్వాత అరుపులు మొదలయ్యాయి. మా వంతు వచ్చినప్పుడు మావాళ్లు ముగ్గురూ వరసగా అవుటయ్యారు, ఎడిక్సన్ దాకా బ్యాట్ రానే లేదు.

అందరూ పోయాక వాడు డగౌట్ మూలన బూటు లేసులు విప్పుకుంటూ కూర్చున్నాడు. విప్పిన లేసే మళ్లీ కట్టి మళ్లీ విప్పుతున్నాడు. "ఏడింటికి మా ఇంటికి రా, భోంచేద్దాం," అన్నాను. "సరే మాస్టారూ," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. ఆ మాటే, అదే గొంతుతో, నేల చూస్తూ సిరీలో అనే ఇంకొకడు కూడా అన్నాడు నాతో, పన్నెండేళ్ల కిందట. "రేపు మాట్లాడుకుందాం, సిరీలో," అన్నాను వాడితో ఆ రోజు. "సరే మాస్టారూ," అన్నాడు. ఆ రేపు నేను వెళ్లలేదు. ఎల్లుండీ వెళ్లలేదు. నాకూ కోపం ఉంది, ఎందుకు దాచాలి, గెలిచిన ఆట చేజారిందన్న కోపం. సోమవారం, మంగళవారం, బుధవారం బాయిలర్ల దగ్గర పానా పట్టుకుని బోల్టులు బిగిస్తూ, సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను. గురువారం రాత్రి సిరీలో ఉత్తరపు ఒడ్డున పడవెక్కాడు, సముద్రం అవతల పని దొరికే ప్యూర్టోరికోకి దొంగతనంగా మనుషుల్ని చేర్చే పడవ. నలభై మంది ఎక్కారన్నారు. మధ్యలో ఉన్న మోనా జలసంధిలో ఆ పడవని మళ్లీ ఎవరూ చూడలేదు.

ఏడుంపావు.

సిరీలో బ్యాట్‌తో బాగా కొట్టేవాడు. పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే నాలుగుసార్లు బేసు చేరేవాడు. బంతిని ఆపడం మాత్రం అంతంత మాత్రం. ఆ ఏడు కూడా ఫైనల్ దాకా వచ్చాం, ఆ ఏడు కూడా షార్ట్‌స్టాప్ చోటుకి నా ముందు ఇద్దరు, ఆ రెండోవాడు అప్పుడు ఇరవై రెండేళ్ల రదామెస్, చేతిలో బ్యాట్ చీపురుకట్టలా ఉంటుంది కానీ గ్లవ్ పెట్టాడంటే నేల మీద చీమని కూడా దాటనివ్వడు. నేను సిరీలోని పెట్టాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నెమ్మదిగా వచ్చిన బంతి, మా అమ్మ కూడా పట్టేదనిపించే బంతి, వాడి రెండు కాళ్ల మధ్య నుంచి పోయింది. మర్నాటి నుంచి వాడు వీధిలోకొస్తే పిల్లకాయలు కాళ్ల మధ్య నుంచి నారింజకాయలు దొర్లించారు. మంగలి షాపులో కుర్చీ ఖాళీగా ఉన్నా, "నీకు జుట్టు దేనికి, తలుపు తీసిపెట్టుకునే కాళ్లుండగా," అన్నారట. ఊరు నవ్వింది. నాలుగు రోజులు నవ్వింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు వాళ్లింట్లో కూర్చుని జపమాల తిప్పింది అదే ఊరు. ఆ తొమ్మిది రోజులూ నేను గుమ్మం దగ్గరే కూర్చున్నాను, ఎవరైనా పొమ్మంటే పోవడానికి వీలుగా. ఎవరూ అనలేదు. వాడి సైకిలు గోడకి ఆనించి ఉండేది. వెనక చక్రంలో గాలి కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటే రోజూ దాన్నే చూసేవాణ్ణి.

ఇవాళ మళ్లీ అదే తూకం. ఆటకి ముందు, మధ్యాహ్నం రెండు నుంచి, అంపైరుకివ్వాల్సిన జట్టు పేర్ల కార్డు నా ఒళ్లో ఉంది. ఎనిమిది పేర్లు రాశాను. షార్ట్‌స్టాప్ గీత ఖాళీ. ఒక పక్క ముప్పై నాలుగేళ్ల రదామెస్, మోకాళ్లు కిర్రుమంటున్నా చేతులు మాత్రం అవే చేతులు. ఇంకో పక్క ఎడిక్సన్, జట్టులోకొచ్చి ఏడాది కాలేదు, కొడితే బంతి మైదానం దాటి చెరకులో పడుతుంది, వెతకడానికి మనుషులు పోవాలి. ఎడిక్సన్‌ని ఇంకెక్కడైనా పెట్టొచ్చుగా అంటారు. ఎక్కడ పెడితే అక్కడినుంచి ఇంకొకడు లేవాలి, లేచేవాడూ కొట్టేవాడే. పందొమ్మిదేళ్లుగా ఈ జట్టుకి మాస్టారుగా ఉన్నాను, ఈ లెక్క నేను నిద్రలో కూడా వేస్తాను. ఆటకి ఐదో ఆరో బంతులు షార్ట్‌స్టాప్ మీదికి వస్తాయి. అందులో నాలుగు ఎవడైనా ఆపేవే. మిగిలిన ఒకటో రెండో రదామెస్ ఆపుతాడు, ఎడిక్సన్ ఆపడు. బ్యాటేమో నాలుగుసార్లు వస్తుంది, ఎడిక్సన్ ఒకటీ రెండుసార్లు బేసు చేరతాడు, రదామెస్ చేరితే ఆ రోజు పండగ. కాగితం మీద రెండూ ఇంచుమించు సమానం. కానీ ఆపిన పరుగు బోర్డు మీదికి ఎక్కదు. రదామెస్ పక్కకి పడిపోతూ ఆపిన బంతి గురించి ఎవడూ ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పడు. వదిలేసిన బంతి గురించి మాత్రం పన్నెండేళ్లు చెబుతారు. సాందీనో విసిరితే బంతులన్నీ నేలబారునే దొర్లుతాయి, అంటే రదామెస్ కావాలి. ముందరి రెండు ఆటల్లో కలిపి మాకొచ్చింది ఒకే ఒక్క పరుగు, అంటే ఎడిక్సన్ కావాలి. కలం తీశాను, పెట్టాను. మైదానంలో రదామెస్ తన బ్యాట్‌తో నేలబంతులు కొడుతూ ఎడిక్సన్ చేత పట్టిస్తున్నాడు, తన చోటు ఎగరేసుకుపోబోయేవాడి చేతనే. "మొహం తిప్పకురా, మొహం! బంతి కాటేస్తుందా? మొహం పోయినా ఈ ఊళ్లో పిల్లనెవరో ఒకరు ఇస్తార్లే!" అని అరుస్తున్నాడు. ఎడిక్సన్ నవ్వుతున్నాడు. నవ్వుతూనే, గట్టి బంతి వచ్చినప్పుడు, మొహం పక్కకి తిప్పుతున్నాడు. అది నేను చూశాను. బంతి అంటే భయపడేవాడి దగ్గరికే బంతి వెతుక్కుంటూ పోతుంది. ఈ ఆటలో అందరికీ తెలిసిన మొదటి సంగతి అదే.

అప్పుడే దోన్యా తొమాసా వచ్చింది. సిరీలో వాళ్లమ్మ, పెద్దావిడల్ని మా దగ్గర దోన్యా అంటాం. మైదానం ముందు గేటు దగ్గర పెనం పెట్టుకుని నూనెలో రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పన్నెండేళ్లుగా ఆ పెనం దాటాల్సి వస్తుందని నేను చెరకు తోట వైపు చిన్న గేటు నుంచి లోపలికి వస్తున్నాను. డగౌట్ కమ్మీ పట్టుకుని, ఒగురుస్తూ, కాగితంలో చుట్టిన రొట్టె ఒకటి నా ముందుకి చాచింది.

"ఏం తమ్ముడూ, నా పెనమంటే భయమా నీకు? దొంగలాగా వెనక నుంచి దూరుతావట."

రొట్టె అందుకున్నాను.

"తిను. ఉప్పెక్కువైంది, అయినా తిను. ఇవాళ ఎవర్ని పెడుతున్నావ్ మావాడి చోట్లో?"

మావాడి చోటు అంది. "ఇంకా రాయలేదక్కా," అన్నాను.

"మావాడికి వారం ముందే చెప్పావు నువ్వు. గుర్తుందా? ఆ వారమంతా ఇంట్లో ఈలలేసుకుంటూ తిరిగాడు. గ్లవ్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు, నూనె మరకలైతే నేను తిట్టాను. నీకు తెలీదేమో, ఆటకి ముందు శుక్రవారం పడవకే వాడు పేరిచ్చింది. వాడూ, మా చెల్లెలి కొడుకూ. చెల్లెలి కొడుకు ఎక్కాడు, ఆ పడవ చేరింది, వాడు ప్రతి ఆదివారం మూల కొట్టుకి ఫోన్ చేస్తాడు. మావాడు ఎక్కలేదు. మాస్టారు నన్ను షార్ట్‌స్టాప్ అన్నాడమ్మా, తరవాతి పడవకి పోతాలే అన్నాడు."

ఇన్నాళ్లూ నేననుకున్నది వేరు. ఆ బంతి వల్ల, ఆ నవ్వుల వల్ల, నేను వెళ్లకపోవడం వల్ల వాడు సముద్రం మీదికి పోయాడనుకున్నాను. ఆ పాపం మోయడం నాకు అలవాటైపోయింది, మోకాలి నొప్పిలాగా, వాన పడే ముందు ఎక్కువవుతుంది, తర్వాత తగ్గుతుంది. తొమాసా చెప్పింది ఇంకొకటి. వాణ్ణి పంపింది నేను కాదు. ఆపింది నేను. చేరే పడవ ఎక్కనివ్వకుండా ఆపింది, నువ్వే షార్ట్‌స్టాప్ అని వారం ముందే నేను వాడితో అన్న మాట. "నా మీద కోపం లేదా అక్కా?" అని ఎలా అడిగానో అడిగాను.

"ఎందుకు లేదు? ఉంది. ఇన్నేళ్లలో వాడా రోజు ఎలా ఆడాడో ఒక్కడంటే ఒక్కడు నాకు చెప్పలేదు. నేను పెనం దగ్గర ఉన్నాను, అరుపులు విన్నానంతే. పోనీ నువ్వొచ్చి చెబుతావంటే నువ్వు వెనక గేటు."

చెప్పాను. రెండో ఇన్నింగ్స్‌లో వాడు కొట్టిన దెబ్బకి పావురాలు లేచిన సంగతి, ఐదో దాంట్లో ఎడమ పక్కకి దూకి, మట్టిలో పొట్ట మీద జారి పట్టిన బంతి, ఆ పట్టే లేకపోతే మేము ఆఖరిదాకా ఆటలో ఉండేవాళ్లమే కాదన్న సంగతి. తర్వాత ఆ బంతి. అంత సులువైనదేం కాదక్కా, కొట్టినవాడు బ్యాట్ అంచుతో కొట్టాడు, బంతి గిరగిరా తిరుగుతూ వచ్చింది, అలా వచ్చేది లేవాల్సిన చోట లేవదు. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు. ఆవిడ తల ఊపుతూ విని, "ఆకుపచ్చ మేజోళ్లేనా వేసుకుంది?" అనడిగింది. "ఒకటి ఆకుపచ్చది, ఒకటి నల్లది," అన్నాను. ఫక్కున నవ్వింది. "రెండోది కుక్క ఎత్తుకుపోయింది, చూశావా!" అంటూ, నడుముకి కట్టుకున్న గుడ్డతో మూతి తుడుచుకుంటూ పెనం దగ్గరికి వెళ్లిపోయింది. అంపైరు, "పెద్దాయనా, కార్డు! పెళ్లి శుభలేఖ రాస్తున్నావా?" అని కేకేశాడు. నా చెయ్యి ఎడిక్సన్ పేరు రాసింది. ఎందుకు రాసింది? ఒక్క పరుగే వచ్చిందన్న లెక్కతో రాసిందా, ఈలలేసుకుంటూ వారం రోజులు ఇల్లంతా తిరిగిన ఇంకొక పిల్లవాడి కోసం రాసిందా? షార్ట్‌స్టాప్‌ని ఎంచుకోవడానికి అది కారణమవుతుందా? ఆ క్షణంలో తూకం నా చేతిలో లేదు. ఇది నేను ఎవరికి చెప్పుకోను?

ఏడున్నర. వీధి చివర ఎవరో నడిచొస్తున్నారు. లేచాను. నడకని బట్టి ఎడిక్సన్ కాదు, కుడి మోకాలు బరువుగా వేసే నడక. రదామెస్.

"వచ్చాడా?"

"లేదు."

"వాళ్లింటి మీదుగానే వస్తున్నాను మాస్టారూ. బండి గోడకి ఆనించి ఉంది. వాడు లేడు. మీ ఇంటికే బయల్దేరాడంది వాళ్లమ్మ. అరగంట పైనే అయిందట."

వాళ్లింటికీ మా ఇంటికీ నడిస్తే పది నిమిషాలు. బండి గోడకి ఆనించి ఉంది. రదామెస్ మెట్టు మీద కూర్చున్నాడు.

"తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నేను గ్లవ్ వేసుకుని లేచి నిలబడ్డాను. చూశారా?"

"చూశాను."

"కూర్చోమన్నారు. కుక్కని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి." గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువుంది. "గెలుస్తున్నప్పుడు ఆఖర్న కొట్టేవాణ్ణి తీసేసి ఆపేవాణ్ణి పెట్టాలని మేకలు కాసేవాడికి కూడా తెలుసు. కొట్టు దగ్గర అందరూ అదే అంటున్నారు. ముసలోడికి మతి పోయింది, వచ్చే ఏడు జట్టుని మేకలవాడికే ఇద్దాం అంటున్నారు."

నిజమే. నాకూ తెలుసు. ఎనిమిది ఇన్నింగ్సుల పాటు బ్యాట్, ఆఖరిదానికి గ్లవ్. రెండు పరుగులూ ఎడిక్సన్ దెబ్బకి వచ్చినవే, వాడి పని అయిపోయింది, రదామెస్‌ని దింపితే ఆ బంతి వాడి గ్లవ్‌లోకి పావురం గూట్లోకి వచ్చినట్టు వచ్చేది. కానీ గీత దాటి మైదానంలోకి పరుగెత్తబోతూ ఎడిక్సన్ ఆగాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఒక్క చూపు. వెనక్కి పిలుస్తావా అని అడిగిన చూపు. పిలవమనా, పిలవొద్దనా? నేను చదవలేకపోయాను. పిలిస్తే వెయ్యిమంది ముందు, నిన్ను నమ్మనని వాడికి చెప్పినట్టు. పిలవకపోతే బంతి. ఒక చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకున్నాను, ఇంకో చేత్తో రదామెస్‌ని కూర్చోమన్నాను. అదీ జరిగింది. ఆ చెయ్యి ఊపడంలో ధైర్యం ఇసుమంతైనా లేదు. రెండు భయాల్లో చిన్నదేదో తెలియక, కదలకుండా ఉండిపోయాను.

"ఒక మాట చెబుతాను," అన్నాడు రదామెస్ చెప్పుల్లోని తన కాళ్ల వంక చూసుకుంటూ. "ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ల కిందట కూడా బెంచీ మీద ఉన్నది నేనేగా. సిరీలో కాళ్ల మధ్య నుంచి బంతి పోయినప్పుడు నాకు సంతోషమేసింది. ఒక్క క్షణం. ఆ తర్వాత నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నారింజకాయలు పిల్లలకి కొనిచ్చింది నేనే."

చెప్పు కొసతో మెట్టు మీది మసిని గీరాడు.

"ఇవాళ బంతి పైనుంచి పోతున్నప్పుడు, మళ్లీ సంతోషమేస్తుందేమోనని నాలోపలికి నేను చూసుకున్నాను."

"వేసిందా?"

"లేదు మాస్టారూ. భయమేసింది." లేచాడు. "బస్సుల అడ్డా దాకా పోయి చూసొస్తాను. ఉత్తరం వైపు ఆఖరి బస్సు ఎనిమిదింటికి. మీరు కదలకండి. వాడొస్తే ఇంట్లో మనిషి ఉండాలి."

వాడి మోకాలు కిర్రుమనడం వీధి మలుపు దాకా విన్నాను. ఉత్తరం వైపు బస్సు అన్నాడు. పేరు పెట్టి చెప్పక్కర్లేదు, ఆ బస్సు ఆగే ఆఖరి ఊరు తర్వాత ఇసుక, ఇసుక తర్వాత నీళ్లు. నీళ్లని నేను చూడదలుచుకోలేదు, అయినా చూస్తున్నాను, నల్లటి నీళ్లు, పడవ అంచు మీద చెయ్యి, ఆ చెయ్యి ఒకసారి సిరీలోది, ఒకసారి ఎడిక్సన్‌ది, గోళ్ల కింద ఎర్రమట్టి. ఏడూ నలభై అయిదు. ఠక్కున కరెంటు పోయింది. రోజూ పోయేదే, అయినా ఇవాళ ఊరు మొత్తం ఎవరో గిన్నె బోర్లించినట్టయింది. గడియారం కనపడటం లేదు, టిక్కు టిక్కు మాత్రం వినపడుతోంది. కొట్టు దగ్గర ఎవడో గట్టిగా నవ్వాడు. దేనికి నవ్వాడో. లేచి పోదామా? పోతే, వాడు ఈలోగా వచ్చి, ఇల్లు చీకటిగా ఉందని వెనుదిరిగితే? పోకపోతే, ఎనిమిది గంటల బస్సు? మళ్లీ అదే. పట్టుకుంటే ఒకటి పోతుంది, పట్టుకోకపోతే ఇంకొకటి. దేవుడు నన్ను జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న ముందే నిలబెట్టాడేమిటి, రెండు బేసుల మధ్య?

నీసియా కిరసనాయిలు దీపం వెలిగించి తెచ్చి గుమ్మంలో పెట్టింది. నా భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది. "చెమటలు కారిపోతున్నాయి నీకు. అసలు నువ్వు వాడికి అన్నం పెడదామని పిలిచావా, కాపలా కాద్దామని పిలిచావా?"

"తెలీదు."

"వాడికి మాత్రం అన్నం పెట్టు. రెండోది వాడికి తెలిస్తే బెదిరిపోతాడు."

వీధి వైపే చూస్తున్నాను. చెవులు రిక్కించి, ఇక రాదని తెలిసిన మోటారు చప్పుడు కోసమే ఇంకా వింటున్నాను. చప్పుడు ఇంటి వెనకాల అయింది. ఎండుటాకులు. మళ్లీ ఎండుటాకులు, దగ్గరగా. వంటింట్లో నీసియా కెవ్వున అరిచింది. నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది, దీపం తన్నేశానో దాటానో తెలియదు, వంటింటి గుమ్మంలోకి వచ్చి పడ్డాను.

వెనక తలుపులో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా నిండా మసి. మోచేతుల దాకా చెరకు ఆకులు కోసిన సన్నటి ఎర్రగీతలు. ఒక చేతిలో బూట్లు.

"నన్ను చంపడానికొచ్చావురా!" అంది నీసియా గుండెల మీద చెయ్యి వేసుకుని. "మనుషుల్లాగా ముందు నుంచి రాలేవూ?"

"కొట్టు దగ్గర డొమినోలాడేవాళ్లున్నారు దోన్యా. బండి మీదొస్తే అందరికీ వినపడుతుంది." నేల చూస్తున్నాడు. "తోటలోంచి వద్దామనుకున్నాను. చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాను, ఈలోగా కరెంటు పోయింది. దారి తప్పాను."

నేను వాణ్ణి ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఇంతసేపూ కాపలా కాశానని వాడికి తెలిసిపోతుంది. "కూర్చో," అన్నాను. గొంతు మాస్టారు గొంతులాగే వచ్చింది, ఎలా వచ్చిందో మరి. పక్కింటి కుర్రాణ్ణి బస్సుల అడ్డాకి పరుగెత్తించాను, వచ్చాడని రదామెస్‌కి చెప్పమని. నీసియా అన్నం పెట్టింది, ఎర్ర చిక్కుడు గింజలు పోసింది, మాంసం వేసింది, నూనెలో వేయించిన పచ్చి అరటికాయ బిళ్లలు పక్కన పేర్చింది. వాడు మొదట రెండు ముద్దలు మర్యాదకి తిన్నాడు. తర్వాత ఆకలి గెలిచింది. దీపం వెలుగులో వాడి దవడలు కదలడం చూస్తూ కూర్చున్నాను. ఇంత శ్రద్ధగా ఏ ఆటా నేను చూసి ఎరగను.

"మొహం తిప్పలేదు నువ్వు," అన్నాను. "ఆ ఆఖరి బంతికి. నేను చూశాను."

నమలడం ఆపాడు. "విసిరేటప్పుడు చెయ్యి జారింది మాస్టారూ."

"జారింది. అది నేర్పొచ్చు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "తొమ్మిదో ఇన్నింగ్స్‌కి పోతూ నన్ను చూశావు. ఎందుకు?"

వాడు పళ్లెంలో గింజల్ని వేలితో ఒక పక్కకి జరిపాడు. "పిలుస్తారేమోనని. పిలిస్తే చచ్చిపోతాననిపించింది. పిలవకపోయినా చచ్చిపోతాననే అనిపించింది." తలెత్తాడు. సాయంత్రం నుంచీ మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "మీకు తెలిసిందా మాస్టారూ, ఏది కావాలో?"

"తెలీలేదు," అన్నాను. "నాకూ భయమేసింది."

నవ్వలేదు, ఏడవలేదు. మరి కాస్త అన్నం పెట్టించుకున్నాడు. బయట రదామెస్ మోకాలు మెట్లెక్కడం వినపడింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, దీపం పక్కన కూర్చుని, "నాకు మిగిల్చారా, ఈ దున్నపోతే మేసేసిందా?" అన్నాడు గట్టిగా, వీధికంతా వినపడేలా. నీసియా మూడో పళ్లెం తీసింది. ఎడిక్సన్ చెయ్యి కడుక్కుని, బూట్లు వేసుకోవడానికి వంగి, లేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే అడిగాడు.

"మాస్టారూ, ఆదివారం ప్రాక్టీసు ఎన్నింటికి?"

ఫైనల్ అయిపోయింది. చెరకు కోతలు ముగిసేదాకా, అంటే ఇంకో రెండు నెలల దాకా, మాకు ప్రాక్టీసు ఊసే ఉండదు. నీసియాకి తెలుసు. గుమ్మంలో ముద్ద నోటి దగ్గరే ఆపి నన్ను చూస్తున్న రదామెస్‌కి తెలుసు.

"ఆరింటికి," అన్నాను. "ఆలస్యం చెయ్యకు."